ఆరుబయట కుర్చీలు, బెంచీలు: నల్లగొండ, పాలమూరు ఎండకు ఏవి ఆగుతాయి?

ఇంటి ముందు నలుగురు కూర్చోవడానికి ఏదైనా కావాలని దుకాణానికి వెళ్తే మొదట చూపించేది మెత్తలు వేసిన అల్లిక సోఫా సెట్టు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఆరుబయట వేసుకోవడానికి అన్నిటికంటే చివర చూడాల్సింది అదే. ఇక్కడ సామాను వానకు పాడయ్యేది తక్కువ, ఎండకు పాడయ్యేది ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఆ ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, వార్నిష్ పొరలు లేస్తుంది, మెత్తల గుడ్డ ముట్టుకుంటే చిరుగుతుంది. దానికి తోడు నేలలో చెదలు, బోరు నీళ్ళలో సున్నం, గుంపులుగా దిగే కోతులు. ఇవన్నీ లెక్కేసుకున్నాక మిగిలే సరుకు రెండు మూడు రకాలే.

అయితే సరుకు కంటే ముందు చోటు తేల్చుకోవాలి. ఒకే బెంచీ వేపచెట్టు కింద ఇరవై ఏళ్ళు ఉంటుంది, నీడలేని డాబా మీద ఐదేళ్ళకే రంగు పోగొట్టుకుంటుంది.

చోటు

సాయంత్రాలు కూర్చోవడానికైతే ఇంటికి తూర్పు పక్క మంచిది. మధ్యాహ్నం దాటగానే ఇంటి నీడ అటు పడుతుంది, చీకటి పడేసరికి నేల చల్లబడుతుంది. పడమటి వాకిట్లో రాతి బెంచీ వేస్తే సాయంత్రం ఆరింటికి కూడా దానిమీద కూర్చోలేరు, ఎందుకంటే రాయి తాగిన వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. ఉత్తరం పక్కన ఎప్పుడూ నీడే అనే లెక్క కూడా మన దగ్గర పూర్తిగా పనికిరాదు. మనం 17 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. మండే నెలల్లో ఉత్తరపు వసారా అంచు దాకా ఎండ వస్తుంది.

చెట్టు కింద వేసుకుంటే ఏ చెట్టో చూడండి. వేపపండ్లు రాలే రోజుల్లో బెంచీ జిగురు జిగురుగా ఉంటుంది, రోజూ తుడుచుకోవాలి. మామిడి సొన పడ్డచోట మరక పోదు. రావి, మర్రి కింద పిట్టల రెట్టలతో పెయింటు మచ్చలు తేలుతుంది. కానుగ నీడ దట్టంగా ఉంటుంది, గోల కూడా తక్కువ.

రాయి

రాయికి మన దగ్గర కొదవ లేదు. రెండు కడీలు, అంటే రాతి స్తంభాలు, పాతి పైన ఒక బండ పరిస్తే బెంచీ అయిపోతుంది. దానికి తుప్పు లేదు, చెద లేదు, కోతి బెడద లేదు, ఎత్తుకుపోయేవాడు అంతకన్నా లేడు. తోటల దగ్గర కాపలా లేనిచోట ఈ చివరి మాట చిన్నది కాదు.

కొలతలు ఇలా పెట్టుకోండి. మూడడుగుల కడీ తీసుకుని 21 అంగుళాలు భూమిలోకి దించి, 15 అంగుళాలు పైకి ఉంచాలి. దానిమీద 2 అంగుళాల మందం బండ పడితే కూర్చునే ఎత్తు 17 అంగుళాలు అవుతుంది. ఐదడుగుల బండకు రెండు కడీల నడుమ దూరం మధ్య నుంచి మధ్యకు మూడడుగులు, రెండు చివర్లా ఒక్కో అడుగు బయటికి. ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ బండ దాదాపు 95 కిలోలు తూగుతుంది. దింపడానికి నలుగురు కావాలి. కడీ తలమీద 1:3 సిమెంటు మాలు (ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక) వేసి కూర్చోబెట్టాలి. బండ అడుగు భాగం నున్నగా ఉంటే మాలు పట్టదు, అక్కడ ఉలితో గరుకు చేయించండి.

ఎక్కువగా తప్పు జరిగేది మందం దగ్గర. వంటగది గట్టుకు వాడిన 18, 20 మిల్లీమీటర్ల గ్రానైట్ ముక్క మిగిలిందని రెండు కడీల మీద పరుస్తారు. మెల్లగా కూర్చుంటే ఆగుతుంది. పిల్లలు ఎక్కి దూకితే నడుమ పుటుక్కుమంటుంది. ఆ పలుచటి ముక్కే వాడాలనుకుంటే కింద ఇటుక గద్దె కట్టి, అడుగంతా మాలులో ఆనేటట్టు పరవాలి. ఎక్కడా కింద ఖాళీ ఉండకూడదు.

నేల సంగతీ చూసుకోవాలి. ఎర్ర చల్కలో కడీ చుట్టూ ఆరంగుళాల కాంక్రీటు పోస్తే కదలదు. నల్లరేగడి అలా కాదు. వేసవిలో బీటలిచ్చి, వానల్లో ఉబ్బి, రెండు మూడేళ్ళలో కడీని పక్కకు ఒరగదోస్తుంది. అలాంటిచోట రెండున్నర అడుగుల గుంత తీసి, అడుగున మొరం పోసి దిమ్మిస కొట్టి, ఆపైన కడీ నిలిపి కాంక్రీటు వేయాలి.

ఇక ఏ రాయి? బూడిద రంగు గ్రానైట్ మా మొదటి ఎంపిక. నల్ల గ్రానైట్, కడప బండ ఎండలో కాలిపోతాయి, పూర్తి నీడ ఉంటేనే వాటి జోలికి వెళ్ళండి. పైభాగం అద్దంలా పాలిష్ చేయించకండి, తడిస్తే జారుతుంది. మంట పట్టించి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ గానీ, లెదర్ ఫినిష్ గానీ అడగండి. అంచులు గుండ్రంగా తిప్పించడం మరవద్దు, లేకపోతే మోకాళ్ళ వెనక కోసుకుంటుంది. తాండూరు బండ చవక, చల్లన కూడా. కానీ అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్, వీటిలో ఏది పడ్డా మెరుపు పోయి తెల్లమచ్చ తేలుతుంది. పైగా అది పొరల రాయి, అంచుల దగ్గర పెచ్చులు లేస్తుంది. నేలకు పరవడానికి దాన్ని మించింది లేదు గానీ, బెంచీకి అంచు బయటికి వదలకుండా గద్దె మీద పరిస్తేనే మేలు.

రాతి బెంచీకి పెద్ద లోటు వీపుకు ఆనుడు లేకపోవడం. పది నిమిషాలు కూర్చుని లేచేవాళ్ళకు బాగానే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకు చేతులున్న కుర్చీ, 18 అంగుళాల ఎత్తుది, వేరే ఉండాల్సిందే.

ఇనుప చట్రం, టేకు పట్టీలు

గంటల తరబడి కూర్చునే బెంచీకి మా ఓటు దీనికే. జీఐ పైపుతో, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపుతో, చట్రం, కూర్చునే చోటా వీపుకూ టేకు పట్టీలు. టేకు ఎండలో కాలదు, ఇనుము బరువు మోస్తుంది. ఏ పట్టీ పోయినా ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. వెల్డింగు షాపు, వడ్రంగి ఉన్న ఏ ఊళ్ళోనైనా చేయించుకోవచ్చు, అచ్చంగా ఇదే కావాలని హైదరాబాద్ పరుగెత్తే పని లేదు.

చట్రానికి ఒకటిన్నర అంగుళాల చదరపు పైపు, 16 గేజీ చాలు. 16 గేజీ అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. షాపులో 16 అని చెప్పి 18 గేజీ, అంటే 1.2 మిల్లీమీటర్లది, పెట్టడం మామూలే. కంటికి తేడా తెలియదు, కాటా చెప్తుంది. ఈ సైజు 20 అడుగుల పైపు 11 కిలోల దగ్గర తూగాలి. ఎనిమిదిన్నర కిలోలే తూగితే అది 18 గేజీ. పలుచటి పైపు వెల్డింగులోనే కాలి చిల్లులు పడుతుంది. ఆ చిల్లుల మీద లప్పం పూసి రంగేస్తే కొన్నాళ్ళు కనబడదు, అంతే.

జీఐ పైపుకు ఉన్న జింకు పూత వెల్డింగు పెట్టిన ప్రతిచోటా కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. అతుకులన్నీ వైరు బ్రష్‌తో రుద్దించి, జింకు ఎక్కువగా ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు రెండు పూతలు వేయించండి. జింకు పొగ పీలిస్తే వెల్డర్‌కు ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది కాబట్టి ఈ పని మూసిన షెడ్డులో కాకుండా గాలి ఆడేచోట జరగాలి. తర్వాత పెయింటు. జీఐ మీద నేరుగా ఎనామిల్ కొడితే ఏడాదికల్లా పొట్టు పొట్టుగా ఊడిపోతుంది, అది పెయింటు కంపెనీ తప్పు కాదు. జింకుకూ ఎనామిల్‌కూ పడదు. ముందు ఎచ్ ప్రైమర్ గానీ ఎపాక్సీ ప్రైమర్ గానీ ఒక పూత వేసి, ఆరాక రంగు రెండు పూతలు వేయాలి.

పౌడర్ కోటింగ్ చేయిస్తే ఒక్క ప్రశ్న అడగండి: పౌడర్ ప్యూర్ పాలియెస్టరా, ఎపాక్సీ కలిసిందా? ఎపాక్సీ కలిసింది ఇంటి లోపలి సామానుకు పనికొస్తుంది. ఎండలో సుద్దలా పొడి రాలుతుంది. ఆరుబయటకు ప్యూర్ పాలియెస్టర్, 60 నుంచి 80 మైక్రాన్ల మందం ఉండాలి. రంగులో నలుపు, ముదురు గోధుమ వద్దు. చేతులు ఆనించే చోట చుర్రుమంటుంది.

ఇనుప సామానును తుప్పు బయటినుంచి కాదు, పైపు లోపలినుంచి తినేస్తుంది. కాలి పైచివర తెరిచి ఉంటే వాన నీళ్ళు దిగి, అడుగున రబ్బరు బుష్ ఆపేస్తుంది. ఏడాదంతా కాలు నీళ్ళలో ఉన్నట్టే. పైచివరలన్నీ రేకు పెట్టి వెల్డింగుతో మూయించండి, అడుగున 5 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి కొట్టించండి. మట్టిలో దిగబడకుండా 3 అంగుళాల చదరం, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు కాళ్ళకు పెట్టించండి.

కర్ర విషయానికొస్తే, టేకు అనగానే సరిపోదు, చేవ కావాలి. దుంగ నడుమ ఉండే ముదురు రంగు భాగమే చేవ. చుట్టూ ఉండే పాలిపోయిన తెల్లచెక్కను చెదలు, బూజు వదలవు. పొలం గట్ల మీద పెంచి పన్నెండు, పదిహేనేళ్ళకే కొట్టిన టేకులో తెల్లచెక్క పాలే ఎక్కువ. పట్టీ రెండు పక్కలా తిప్పి చూడండి, అంచున తెల్లటి చార కనిపిస్తే అది పక్కన పెట్టించండి. సొంత చేనులో టేకు ఉన్నా కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. డిపోలో కొంటే బిల్లు దాచుకోండి.

ఐదడుగుల బెంచీకి 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం పట్టీలు కూర్చునే చోట ఆరు, వీపుకు మూడు. మొత్తం తొమ్మిది పట్టీలు కలిపి 0.94 సీఎఫ్‌టీ (ఘనపుటడుగు). తరుగు కలుపుకుంటే 1.1 నుంచి 1.2 సీఎఫ్‌టీ. డిపోవాళ్ళు రెండు సీఎఫ్‌టీ అంటే ఈ లెక్క ముందు పెట్టండి. చిత్రిక పట్టాక మందం 20, 22 మిల్లీమీటర్లకు వస్తుంది కాబట్టి రెండున్నర అడుగులకు మించి ఆధారం లేకుండా వదలొద్దు. అంటే ఐదడుగుల బెంచీకి నడుమ ఒక అడ్డపట్టీ తప్పనిసరి. పట్టీకీ పట్టీకీ మధ్య 8 మిల్లీమీటర్ల సందు ఉంచాలి. వానల్లో కర్ర ఉబ్బినా ఇబ్బంది ఉండదు, నీళ్ళు నిలవవు, చెత్త కిందికి రాలిపోతుంది. బిగించడానికి 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, బోల్టులే వాడాలి. మామూలు ఇనుప మేకు కొడితే తడిసినప్పుడల్లా దాని చుట్టూ నల్లటి మరక పాకుతుంది. స్క్రూ దించే ముందు డ్రిల్లుతో రంధ్రం పెట్టకపోతే పట్టీ చివర చీలుతుంది.

టేకు అందుబాటులో లేకపోతే నల్లమద్ది గట్టిదే గానీ ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, కోసి నీడలో బాగా ఆరినదే తీసుకోవాలి. వేప, తుమ్మ ఊళ్ళో దొరికేవి. కొట్టిన దుంగల్ని కొన్ని నెలలు చెరువు నీళ్ళలో నానేయడం రైతుల పాత పద్ధతి, దానికి కారణం ఉంది. పచ్చికట్టెలోని పిండిపదార్థం నీళ్ళలోకి దిగిపోతే పుచ్చుపురుగుకు తిండి ఉండదు. మామిడి కర్రతో ఆరుబయట ఏదీ చేయించకండి.

ప్లాస్టిక్ కుర్చీలు

తేలిక, చవక, పెళ్ళిపేరంటాలకు పక్కింటివాళ్ళూ అడిగి తీసుకుపోతారు. కొనకుండా ఎవరూ ఉండలేరు కాబట్టి ఎలా కొనాలో చూద్దాం. కుర్చీ తిరగేసి కింద ఈనెలు ఎంత మందంగా ఉన్నాయో, కాళ్ళ మూలలు ఎంత దళసరిగా ఉన్నాయో చూడండి. ఒక చేత్తో వీపు పట్టుకుని ఇంకో చేత్తో సీటు నొక్కితే కాళ్ళు పక్కలకు జారిపోకూడదు. నున్నటి టైల్స్ మీద విరిగేవి ఎక్కువగా ఇలాంటివే. కాళ్ళు విచ్చుకుని, మూల దగ్గర ఒక్కసారిగా చీలుతుంది. తిరగ్గరగబెట్టిన ప్లాస్టిక్‌కు ఘాటైన వాసన ఉంటుంది, రంగు మందకొడిగా, అక్కడక్కడా చారలు చారలుగా ఉంటుంది.

ఎండ తగిలే ప్లాస్టిక్ ఒక గుర్తు చూపించి మరీ పాడవుతుంది. వేలితో రాస్తే తెల్లపొడి అంటుకుంటే పైపొర చచ్చినట్టు. ఆ తర్వాత సన్నటి గీతలు, ఆ తర్వాత విరగడం. పొడి కనిపించిన కుర్చీని పెద్దవాళ్ళకు వేయకండి, కుండీలు పెట్టుకోవడానికి వాడుకోండి. వాడనప్పుడు ఒకదాంట్లో ఒకటి పేర్చి నీడలో పెడితే ఆ విరిగే రోజు చాలా దూరం జరుగుతుంది. డాబా మీద వదిలేస్తే మే నెల గాలిదుమారానికి పక్కింటి రేకుల మీద తేలతాయి, అదో పంచాయితీ.

అల్లిక కుర్చీల్లో పాలిథీన్ తీగ, అల్యూమినియం చట్రం ఉన్నవే చూడండి. పీవీసీ వైరు ఎండకు గట్టిపడి తెగుతుంది. అయితే ఇనుప చట్రం మీద వైరు అల్లిన పాత రకం కుర్చీకి ఒక సుగుణం ఉంది. చట్రం బాగుంటే వైరు మళ్ళీ అల్లించుకోవచ్చు. నవారు మంచం కూడా అంతే, పగలు నిలబెట్టి నీడలో ఉంచితే నైలాన్ నవారు చాలా ఏళ్ళు వస్తుంది.

మిగతావి

బస్టాండుల్లో, గుళ్ళ దగ్గర పేర్లు రాసి ఉండే సిమెంటు బెంచీలు మంచివే, కొత్తగా పోసినవి కాకుండా కనీసం రెండు వారాలు నీళ్ళు పట్టి గట్టిపరిచినవి అయితే. అంచుల్లో గోధుమ రంగు చార కనిపిస్తే లోపలి ఊచ పైపైనే ఉండి తుప్పు పట్టిందని అర్థం, తీసుకోవద్దు. పోత ఇనుము పేరుతో అమ్మే నగిషీ కుర్చీలకు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అది పోత అల్యూమినియం. తుప్పు పట్టదు, తేలిక, ధర ఎక్కువ. పోత ఇనుము కిందపడితే వంగదు, విరుగుతుంది. స్టెయిన్‌లెస్‌లో 202, 304 రకాల తేడా అయస్కాంతంతో పట్టలేరు, బిల్లు మీద రాయించుకోవాలి. 202కు అతుకుల దగ్గర తుప్పు చుక్కలు వస్తాయి. వెదురు, పేము వసారా లోపలికే.

అపార్టుమెంటు బాల్కనీకి అల్యూమినియం చట్రం ఉన్న మడత కుర్చీలు రెండు చాలు. రాతి బెంచీ ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ మీద పెట్టకండి. డాబా మీదైనా గోడ లేదా దూలం మీదికి వచ్చేటట్టు చూడాలి. సొంత ఇంటి వాకిట్లో జీఐ, టేకు బెంచీ ఒకటి, చేతుల కుర్చీలు రెండు. తోట దగ్గర రాయి తప్ప ఇంకోటి అక్కర్లేదు. కోతులు తిరిగే ఊళ్ళో మెత్తలు అతికించిన ఏ కుర్చీనీ కొనొద్దు. కూర్చునేటప్పుడు బొంత తెచ్చి పరుచుకుని, లేచేటప్పుడు తీసుకెళ్ళడమే.

ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

పెయింటు, వార్నిష్ పనులన్నీ నవంబరు నుంచి జనవరి లోపల, పొద్దున పూట పెట్టుకోండి. ఎండాకాలంలో వేస్తే పైపొర గబుక్కున ఆరి లోపల బుడగలు లేస్తాయి, దుమ్ము అంటుకుంటుంది.

టేకుకు అసలు ఏ పూతా అక్కర్లేదు. ఏడాదిలో వెండి బూడిద రంగులోకి మారుతుంది, అది పైపైనే, లోపల చేవ చెక్కుచెదరదు. సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్‌తో కర్ర ఈనె పొడవునా రుద్ది కడిగితే చాలు. వైరు బ్రష్ వాడితే దాని ఇనుప పొడి చిక్కుకుని నల్లచుక్కలు వస్తాయి. గోధుమ రంగే నిలవాలనుకుంటే ఆరుబయటకు చేసిన పీయూ (పాలియురెథేన్) వార్నిష్ మూడు పూతలు వేయించి, ఏటా ఒకసారి 180 నంబరు సాండ్ పేపర్‌తో లేతగా రుద్ది ఒక పూత కొట్టించాలి. ఒక్క ఏడాది మానేసినా పొరలు లేస్తాయి, అప్పుడు 80 నంబరుతో మొదలుపెట్టి చెక్క బయటపడేదాకా గీకాల్సిందే. ఈ చాకిరీ చేయలేమనుకునేవాళ్ళు బూడిద రంగుతో రాజీపడటమే తెలివి. అవిసె నూనె రాసేవాళ్ళు, ఆ నూనెగుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి లేదా విడివిడిగా ఆరేసి ఆ తర్వాతే పారేయాలి.

మృగశిర కార్తెకు ముందు, మే చివర్లో, కాళ్ళ కింది రంధ్రాలు పుల్లతో పొడిచి తెరవండి. బోల్టులు వదులైతే చేతికి ఆనేదాకా మాత్రమే బిగించండి. ఎండకు ముడుచుకున్న కర్రను గట్టిగా బిగిస్తే వానల్లో ఉబ్బి వాషర్ చుట్టూ నలుగుతుంది. కర్ర కాళ్ళున్నవాటిని నేరుగా మట్టిమీద పెట్టకుండా 4 అంగుళాల రాతిముక్కల మీద నిలపండి. చెదలు రాతిమీదుగా ఎక్కినా మట్టిగొట్టం బయటికి కనబడుతుంది, చీపురుతో కొట్టేయొచ్చు. వాడేసిన ఇంజన్ ఆయిలు పూయడం చాలాచోట్ల చేస్తారు. కాళ్ళ అడుగున సరే గానీ కూర్చునే చోట వద్దు, బట్టలకూ ఒంటికీ మంచిది కాదు.

తుప్పు చుక్క కనిపిస్తే అదే వారం పని పట్టండి. గట్టి ఇనుము మెరిసేదాకా 80 నంబరు ఎమరీతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఆ పూటే ప్రైమర్ వేయాలి. రాత్రి వదిలేస్తే మంచుకు మళ్ళీ తుప్పు పూత లేస్తుంది. ఒక రోజు ఆరనిచ్చి రంగు రెండు పూతలు.

బోరు నీళ్ళ స్ప్రింక్లర్ బెంచీ మీదికి కొట్టకుండా తిప్పుకోండి. ఎండకు నీరు ఆవిరై సున్నం తెల్లటి చారలుగా మిగులుతుంది. ఇనుము, ప్లాస్టిక్ మీద ఆ చారలు సగం నీళ్ళు, సగం వెనిగర్ కలిపి తుడిస్తే పోతాయి. వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి. అదే గుడ్డ తాండూరు బండకు మాత్రం తగలనీయకండి.